రంగస్థల దీపముల దండోరా

నాటకశాలలో దీపములన్నియు ఒక్కుమ్మడిగా మసకవారి మరల వెలుగుటను మీరు చూచియుందురు. ఆ విద్య పెరిగిన వైనమును నేడు మనవి చేసెదను.

బహుకాలము ఒక్కొక్క డిమ్మరు యంత్రమునకు ఒక్కొక్క తీగ యుండెడిది. ఒక సంస్థ చేసిన పెట్టె వేరొకరి యంత్రముతో పొసగెడిది కాదు. 1986లో అమెరికా దేశపు రంగస్థల సాంకేతిక సంస్థ 'డీఎంఎక్స్ 512' అను కట్టడిని ఏర్పరచెను. యంత్రమునుండి యంత్రమునకు గొలుసువలె సాగు నొకే తీగపై 512 అంకెలు వరుసగా పోవును. ఒక్కొక్కటి 0 మొదలు 255 వరకు నుండును. ప్రతి యంత్రమును తన వంతు అంకెనే గైకొనును. ఇది మన యూరి దండోరా వంటిది.

కాని దండోరా వేయువాడు బదులు వినడు. ఆజ్ఞ చేరినదో, దారిలో చెడినదో వానికి తెలియదు. కావుననే బాణసంచా వంటి ప్రాణాపాయకరమైన పనులకు దీనిని వాడరాదని ఆ కట్టడియే హెచ్చరించినది.

2006లో 'ఆర్‌డీఎం' అను మరియొక కట్టడి వెలసెను. అంతట దీపయంత్రములు తమ వేడిని, తమ లోపములను ఆ తీగపైననే తిరిగి చెప్పగలిగెను. ఆజ్ఞాపించుట నేర్చిన ఇరువది యేండ్లకు బదులు వినుట నేర్చిరి. ఈ రెండవ మెట్టునే నేను ఘనముగా నెంచెదను.