ఆశుతోష ముఖర్జీగారు: దానమును, స్వాతంత్ర్యమును

విద్యాలయములు నిలుచుటకు ధనము వలయును. ఆ ధనముతో గూడ వచ్చు నియమములలో నేవి గ్రాహ్యములు, ఏవి త్యాజ్యములు? విద్యార్థి వేతనములకును వసతిగృహములకును విరాళము లొసగు మన సంఘీయులకు నీ ప్రశ్న క్రొత్తది కాదు. కలకత్తా విశ్వవిద్యాలయమును నడపిన సర్ ఆశుతోష ముఖర్జీగారి చరిత్ర దీనికి సమాధానము చెప్పగలదు.

ఆయన 1864వ సంవత్సరమున కలకత్తాలో నొక వైద్యుని యింట జన్మించిరి. గణితమునందు ప్రజ్ఞావంతులై 1885లో ఎం. ఏ. పట్టమును బొందిరి. అయినను వృత్తిగా న్యాయవాదమునే స్వీకరించి, 1888లో హైకోర్టు వకీలై, 1904లో నచ్చటనే న్యాయమూర్తులైరి. 1906 మొదలు 1914 వఱకును, మరల 1921 మొదలు 1923 వఱకును వైస్ ఛాన్సలరు పదవిని వహించిరి. ఆ పదవికి జీతము లేదు.

అంతకుమున్ను ఆ విశ్వవిద్యాలయము ముఖ్యముగా పరీక్షలు జరిపి పట్టము లొసగుచుండెను. దానిని బోధనకును పరిశోధనకును నిలయముగా మార్ప నాయన పూనుకొనిరి. 1909లో న్యాయశాస్త్ర కళాశాల వెలసెను. 1914లో విజ్ఞాన కళాశాలకు శంకుస్థాపన జరిగెను. ఈ రెండవదానికి మూలధన మొసగిన యిద్దఱును న్యాయవాదులే. తారకనాథ పాలిత్‌గారు 1912లో భూమిని, ధనమును ఇచ్చిరి. రాసబిహారీ ఘోషుగారు 1913లో 10 లక్షల రూపాయ లిచ్చిరి. ఆచార్యపీఠములను భారతీయులే యలంకరింపవలెనని దాతల నియమము. విశ్వవిద్యాలయము దాని నంగీకరించెను. చంద్రశేఖర వేంకటరామన్‌గారు ప్రభుత్వ ఆర్థికశాఖలోని పెద్ద కొలువును విడిచి 1917లో పాలిత్ పీఠము నధిష్ఠించి, 1930లో నోబెలు బహుమానము నందిరి. తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు మైసూరు నుండి 1921లో తత్త్వశాస్త్ర పీఠమునకు వచ్చుటకును ఆశుతోషులే కారకులు. ఆ రాధాకృష్ణన్‌గారే 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరైరి.

ఇంతలో వ్యయము పెరిగి ధనాగారము వట్టిపోయెను. రాబడికి మించి శాఖలను విస్తరింపజేసిరని విమర్శించినవారు కలరు. ఆ మాటలో కొంత నిజమును కలదు. 1922లో వంగ ప్రభుత్వము రెండున్నర లక్షల రూపాయ లిచ్చెదనని, తన యదుపునకు లోబడవలెనను నిబంధనములు విధించెను. అవసరము తీవ్రమైనను సెనేటు సభ దానిని నిరాకరించెను. 1923లో గవర్నరు లిట్టన్ ప్రభువు, ప్రభుత్వమున కెదురు పలుకకున్నచో పదవిని మరల నిత్తునని వ్రాయగా, ఆశుతోషులు తిరస్కరించుచు ప్రత్యుత్తర మిచ్చిరి. న్యాయమూర్తి పదవిని విరమించి మరల వకీలు వృత్తిలో బ్రవేశించి, ఒక వ్యాజ్యము నిమిత్తము పాట్నా కేగి, 1924 మే 25వ తేదీన నచ్చటనే కీర్తిశేషులైరి.

దాతల నియమమును ఆయన శిరసావహించిరి. ప్రభుత్వ నియమమును త్రోసిపుచ్చిరి. మొదటిది విద్యకు దారి చూపినది. రెండవది విద్వాంసుని నోరు కట్టజూచినది. భేద మిందే కలదు. కావున దాతలారా! మీ ధన మే కార్యమునకో స్పష్టముగా జెప్పి యిండు. అది మీ హక్కు. ధారపోసిన పిమ్మట పెత్తనము వలదు.