చిన్న తరగతుల పరీక్ష ఎవరి కోసం?

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ తన జిల్లా బడుల మీద మద్రాసుకు ఒక నివేదిక పంపాడు. ప్రెసిడెన్సీలో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని గవర్నర్ థామస్ మన్రో అంతకు ముందు ఏడాది అన్ని జిల్లాల నుంచీ లెక్క అడిగి ఉన్నాడు. క్యాంబెల్ లెక్కతో ఆగకుండా బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాశాడు. తెలుగూ కన్నడమూ నడిచే ఆ జిల్లాలో అప్పటికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాళ్లకు వరసగా ఒక్కొక్కటి ఎక్కువ. మన ప్రాంతపు చిన్నపిల్లలను వరసలో పెట్టి విలువ కట్టిన పద్ధతికి దొరికే పాత వర్ణనల్లో ఇదొకటి. అయితే ఆ విలువ వాళ్లు బడికి వచ్చిన వేళకు కట్టింది. చదువు ఎంత వచ్చిందన్నది ఆ బడిలో మరో దారిన తేలేది.

వీధి బడిలో ఏడాదికో తరగతి అన్న లెక్క లేదు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, అవి వచ్చాక గుణింతాలు, ఆపైన తాటాకు మీద రాత, ఎక్కాలు, శతక పద్యాలు. ఒక మెట్టు వచ్చినవాడు పై మెట్టుకు పోయేవాడు, రానివాడు అక్కడే మళ్లీ దిద్దేవాడు. ముందున్నవాడు వెనకున్నవాడికి చెప్పేవాడు. అయ్యవారి బతుకు పిల్లల తల్లిదండ్రులిచ్చే దాని మీద గడిచేది కాబట్టి, పిల్లవాడికి ఏమొచ్చిందో ఆ ఇంటికి వినిపించక తప్పేది కాదు. దసరాకు పిల్లలను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి పద్యాలు చదివించడంలో పండుగా ఉంది, అయ్యవారి రాబడీ ఉంది, ఊరి ముందు జరిగే ఒక ప్రదర్శనా ఉంది. ఈ బడిని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఆడపిల్లలకు, అంటరానివారన్న ముద్ర పడిన కులాల పిల్లలకు దాని అరుగు దాదాపు అందలేదు. పైనుంచి కట్టిన తాడు పట్టుకుని వేలాడేలా కోదండం వేయించే క్రూరత్వం దానిలో ఉంది. పిల్లలు వల్లించే పద్యాలకు అర్థం తెలియదని, నోటికి రావడమే చదువైపోయిందని క్యాంబెలే విమర్శించాడు. అయినా ఒక విషయం మాత్రం దానిలో సూటిగా ఉంది: పిల్లవాణ్ణి చదివించి చూసేది అతనికి చెప్పే అయ్యవారు, వినేది అతని ఇంటివారు. మధ్యలో మూడో మనిషి లేడు.

ఆ మూడో మనిషి 1854 తర్వాత వచ్చాడు. లండన్ నుంచి చార్లెస్ వుడ్ పంపిన విద్యా ఉత్తరువుతో ప్రెసిడెన్సీల్లో ప్రజావిద్యా శాఖలు ఏర్పడ్డాయి, ఇన్‌స్పెక్టర్లను వేశారు, ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వడం మొదలైంది. సర్కారు డబ్బు ఇస్తుంటే దానికి లెక్క కావాలి. ఆ లెక్క ఎలా కట్టాలన్నదానికి ఇంగ్లండు 1862లో ఒక జవాబు చూపింది. అక్కడి విద్యా వ్యవహారాలు చూసే రాబర్ట్ లో (Lowe) తెచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి బడికి వచ్చి ప్రతి పిల్లవాణ్ణీ చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటిలో పరీక్షిస్తాడు. ఒక్కోదానిలో తప్పిన ప్రతి పిల్లవాడికీ బడి గ్రాంటులో రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోత పడుతుంది. ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్న ఈ పద్ధతి కొద్ది ఏళ్లలోనే మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాథమిక బడులకూ వచ్చింది. భారతదేశపు చదువు మీద వేసిన 1882 నాటి హంటర్ కమిషన్ కాలేజీలకు ఇది వద్దని, ప్రాథమిక బడులకు మాత్రం ఉండాలని చెప్పింది. అందరికంటే పసివాళ్ల మీదే ఈ బరువు మోపడం ఆనాటి పెద్దలకు తప్పుగా తోచలేదు.

మన ప్రాథమిక పరీక్షల చరిత్రలో అసలు ముడి ఇక్కడే పడిందని నా వాదన. బడి సరిగ్గా పనిచేస్తుందా, పెట్టిన డబ్బు ఫలిస్తుందా అన్నది ప్రభుత్వం అడగవలసిన ప్రశ్న. ఈ పిల్లకు ఇవాళ ఏమొచ్చు, రేపు ఏం చెప్పాలి అన్నది పంతులు అడగవలసిన ప్రశ్న. రెండూ న్యాయమైనవే, కానీ వేరువేరు. ఫలితాల గ్రాంటు ఆ రెండింటినీ ఒకే పరీక్షలో కలిపేసింది. పిల్లవాడు తప్పితే అయ్యవారి కూడు తగ్గుతుంది. అందువల్ల పరీక్షకు వచ్చే పుస్తకాన్నే ఏడాదంతా వల్లె వేయించడం ఆయనకు తెలివైన పని, మందకొడిగా ఉన్నవాడు ఆయనకు నష్టం. ఇంగ్లండులో స్వయంగా స్కూళ్ల ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతి చదువును యంత్రంగా మారుస్తుందని ఏళ్ల తరబడి తన నివేదికల్లో రాశాడు. చివరకు 1904లో భారతదేశంలో వైస్రాయ్ కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో దీన్ని తప్పుబట్టి వదిలేయమంది. గ్రాంటు లెక్క మారింది. కానీ ఆ నలభై ఏళ్లలో స్థిరపడిన అలవాట్లు పోలేదు: ఏడాదికో తరగతి, ఏడాది చివర పరీక్ష, పాసైనవాళ్ల జాబితా, తప్పినవాళ్లకు అదే తరగతి, అదే పుస్తకం మళ్లీ.

దాని ఫలితాన్ని దేశంలో చదువు తీరును సమీక్షించిన హార్టాగ్ కమిటీ 1929లో అంకెల్లో చూపించింది. 1922-23లో ఒకటో తరగతిలో ఉన్న ప్రతి వంద మందిలో 1925-26 నాటికి నాలుగో తరగతిలో కనిపించినవారు 18 మంది. చదువు పూర్తికాకుండా బడి మానేయడాన్నీ, ఒకే తరగతిలో ఏడాదికి మించి ఉండిపోవడాన్నీ రెండు వేర్వేరు జబ్బులుగా ఆ కమిటీ గుర్తించింది. మిగతా 82 మందీ పరీక్ష తప్పి పోయినవారే అనడానికి లేదు. పేదరికం ఉంది, పొలం పని ఉంది, నాలుగో తరగతి దాకా లేనే లేని బడులున్నాయి. కానీ ఈ రోజు కూడా వినిపించే ఒక మాటకు ఆ అంకె జవాబు చెబుతుంది. ఫెయిల్ చేస్తే భయం ఉంటుంది, భయం ఉంటే చదువు వస్తుంది అంటారు. ఫెయిల్ చేయడానికి ఏ అడ్డూ లేని కాలం అది, బెత్తానికీ అడ్డు లేదు. ఆ భయం పిల్లలను చదువులో నిలబెట్టలేకపోయింది. అక్షరాలు కలిపి చదవడం రాని పిల్లవాణ్ణి, ఎందుకు రాలేదో చూడకుండా, మళ్లీ అదే పాఠం ముందు ఏడాదిపాటు కూర్చోబెడితే అతనిలో మారేది వయసు ఒక్కటే. తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవడం సిగ్గై, ఇంట్లో ఒక చేతికి పని ఉందనగానే అతను బడి వదిలేస్తాడు.

ముడిని విప్పే ఉపాయం చెప్పినవాళ్లు లేకపోలేదు. 1937లో వార్ధా సమావేశం తర్వాత గాంధీజీ ప్రాథమిక విద్యా పథకానికి రూపమివ్వడానికి జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన కూర్చున్న కమిటీ, పరీక్షల పద్ధతి చదువుకు శాపమైందని నిర్మొహమాటంగా చెప్పింది. ప్రభుత్వానికి బడుల పని తెలియాలంటే కొందరు పిల్లలను నమూనాగా ఎంచి వాళ్లకొచ్చింది కొలిస్తే చాలునంది. ఆ సలహాను దాటి మనం ఇంకా పోలేదనిపిస్తుంది. కొఠారి కమిషన్ 1966లో ఒకటి, రెండు తరగతులను, వీలైతే నాలుగో తరగతి దాకా, విడదీయని ఒకే దశగా చూడాలని, ఎవరి నడక వారిది కానివ్వాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 1970ల మొదట్లోనే చిన్న తరగతుల్లో పిల్లలను ఆపకుండా పైకి పంపే విధానం తెచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకు ఆ ఆలోచన రాకముందు సంగతి ఇది. పిల్లలు బడిలో మిగలడానికి అది మేలు చేసే నిర్ణయమే. కానీ ఆపవద్దు అన్న సగం మాటే అమలైంది. ఎవరి నడకకు తగ్గట్టు వాళ్లకు చెప్పాలన్న రెండో సగానికి పంతుళ్లూ చాలలేదు, గదులూ చాలలేదు. ఐదు తరగతులకు ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో ఆ రెండో సగం కాగితం మీదే ఉండిపోయింది.

2009 విద్యాహక్కు చట్టం ఆ రెండు సగాలనూ శాసనంగా రాసింది. 16వ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకా పిల్లలను ఆపవద్దంది. 29వ సెక్షన్ బిడ్డ అవగాహనను నిరంతరంగా, సమగ్రంగా చూస్తూ ఉండాలంది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక మన బడుల్లోకి నిరంతర సమగ్ర మూల్యాంకనం (సీసీఈ) దిగింది. పాఠాల మధ్య చేసే మదింపులు (ఎఫ్‌ఏలు) నాలుగు, చివర పెట్టే పరీక్షలు (ఎస్‌ఏలు) వేరే. ఎఫ్‌ఏలో పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టు పని, చిన్న లిఖిత పరీక్ష. మార్కుల స్థానంలో ఎ ప్లస్ నుంచి సి దాకా గ్రేడ్లు. ఆలోచన మంచిది. పరీక్ష పేరుతో ఏడాదికోసారి జరిగే తంతుకు బదులు, పాఠం నడుస్తుండగానే పిల్లలను గమనించి పాఠం మార్చుకోమని అది పంతుల్ని అడిగింది. కానీ ఆ గమనింపును అంకెగా మార్చి, అంకెను రిజిస్టరులోకి, రిజిస్టరు నుంచి ఆన్‌లైన్‌లోకి ఎక్కించమని కూడా అడిగింది. ఇక్కడ పాత ముడి మళ్లీ బిగిసింది. పైనుంచి చూసేవాడికి రికార్డు నిండిందా లేదా అన్నదే కనిపిస్తుంది కాబట్టి రికార్డు నిండడమే పనైంది. ప్రాజెక్టు పని ఇంట్లో పెద్దలు చేసి పంపేదిగా, పిల్లల స్పందన అంచనాగా వేసే అంకెగా మారిన బడులు చాలా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత తరగతి గది మదింపు పేరుతో ప్రాథమిక తరగతుల్లోనూ ఓఎంఆర్ పత్రాలు వచ్చాయి. ఏడెనిమిదేళ్ల బిడ్డ బుడగలు దిద్దితే రాజధానిలో పట్టిక తయారవుతుంది. ఆమె ఒత్తు ఎక్కడ పలకలేకపోతుందో ఆమె ఎదుట కూర్చున్న టీచరుకు ఆ పట్టిక చెప్పదు.

ఒక్కో బిడ్డనూ గమనించమనడానికి ఉపాధ్యాయులు చెప్పే అభ్యంతరం బలమైనది. ముప్పై, నలభై మంది పిల్లలు, రెండు మూడు తరగతులు కలిపి ఒకే గది, పైగా మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లలో ఫొటోలు. ఒక్కొక్కరినీ విడిగా గమనించడం ఎక్కడ సాధ్యమని వాళ్లు అడుగుతారు. అది సాకు కాదు, నిజం. అయితే సాధ్యం కానిదేదో విడమరచి చూడాలి. ఒక బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాలు చదివించి, ఒక తీసివేత చేయించి చూడడానికి కొన్ని నిమిషాలు చాలు. 2005 నుంచి ప్రథమ్ స్వచ్ఛంద సంస్థ అసర్ అనే సర్వే పేరుతో ఊళ్లలో ఇళ్లకు పోయి చేయిస్తున్నది అదే: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ. పంతుళ్లు కూడా కాని వలంటీర్లు ఆ పని చేయగలిగారు. టీచరు సమయం తినేస్తున్నది బిడ్డను వినడం కాదు, విన్నదాన్ని పదిచోట్ల రాయడం. ఆ రాతను తీసేస్తే వినడానికి సమయం దొరుకుతుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం పిల్లలను తరగతిని బట్టి కాక వాళ్లకొచ్చిన దాన్ని బట్టి చూడమని చెప్పడం సరైన దిశ. అక్కడ కూడా నెలనెలా పంపే నివేదికలే అసలు పని కాకుండా కాపాడుకోవాలి.

అదే అసర్ అంకెలను చూపించి మరో వాదన చేస్తారు. దేశంలో గ్రామీణ ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగినవారు 2018లో సుమారు సగం, కరోనా తర్వాత 2022లో 43 శాతం దరిదాపు, 2024లో 49 శాతం దగ్గర. ఫెయిల్ తీసేశారు కాబట్టే ఈ గతి పట్టిందని, పరీక్ష మళ్లీ పెట్టాలని ఆ వాదన. 2019లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్షకు, తప్పితే రెండు నెలల్లో మరో పరీక్షకు, అప్పటికీ తప్పితే ఆపడానికి వీలు కల్పించింది. ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టానికి వదిలింది. ఈ అంకెలు భయపెట్టేవే, వాటిని తక్కువ చేసి చెప్పడం పిల్లలకు ద్రోహం. కానీ అవి చెప్పేదేమిటి? చదవలేని పిల్లల్లో ఎక్కువమంది ఐదో తరగతిలో హఠాత్తుగా వెనకబడినవారు కారు. ఒకటి, రెండు తరగతుల్లోనే ఆగిపోయారు. ఐదో తరగతి చివర పరీక్ష పెట్టి కనిపెట్టేది మూడేళ్ల కిందటే తెలియవలసిన సంగతి. రెండు నెలల్లో ప్రత్యేకంగా చెప్పి నేర్పగలమని చట్టమే నమ్ముతుంటే, ఆ రెండు నెలలు రెండో తరగతిలో ఎందుకు ఇవ్వకూడదు? జబ్బు ముదిరాక పేరు రాసి పెట్టడాన్ని వైద్యం అనం.

తల్లిదండ్రుల మాట మిగిలింది. మార్కులు, ర్యాంకులు లేకపోతే మా బిడ్డ ఎలా చదువుతుందో మాకెలా తెలుస్తుంది అంటారు. ప్రైవేటు బడులు ఒకటో తరగతి నుంచే ప్రోగ్రెస్ కార్డులో ర్యాంకు వేసి ఇవ్వడానికి ఈ ఆశే ఆధారం. అడగడం వాళ్ల హక్కు, నిజానికి ఇంత చరిత్రలో వాళ్ల ప్రశ్నకే అందరికంటే తక్కువ జవాబు దొరికింది. కానీ ముప్పై మందిలో నాలుగో ర్యాంకు అంటే తెలిసేది మిగతా ఇరవైతొమ్మిది మంది సంగతి. ఎ గ్రేడు అంటే తెలిసేది డెబ్బై ఒకటికీ తొంభైకీ మధ్య ఎక్కడో ఉందని. బిడ్డ కథ చదువుతుందా, చదివింది తన మాటల్లో చెబుతుందా, అప్పు తెచ్చుకునే తీసివేత చేస్తుందా అన్నది రెండింటిలోనూ లేదు. చదువు రాని తల్లికైతే కార్డే మూగది. బిడ్డ చదువుతుంటే వినడానికి మాత్రం ఆ తల్లికి అక్షరం అక్కర్లేదు.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటిలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిపి, పిల్లల కార్డులు చేతికిచ్చారు. అలాంటి సభలు మళ్లీ వస్తాయి. బడుల సంగతి ప్రభుత్వానికి తెలియడానికి 2017, 2021, 2024లలో దేశమంతటా చేసినట్టు నమూనా సర్వేలు ఉన్నాయి. వాటి కోసం ప్రతి చిన్నబిడ్డకూ పరీక్ష అక్కర్లేదు. ఇక ఆ సభలకు వెళ్లే తల్లిదండ్రులను నేను కోరేది ఒకటే. ఈసారి గ్రేడు ఎంత అని అడగకండి. పుస్తకం తీసి మీ బిడ్డ చేత, మీ ఎదుట, టీచరు ఎదుట ఒక పేజీ చదివించమని అడగండి. ఆగిన చోట ఏం చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో టీచరును అడగండి. ఆ పని చేయడానికి టీచరుకు ఏ రికార్డు అడ్డమో చెప్పమనండి, చెబితే దాన్ని తీసేయమని అధికారులను మీరే అడగండి.