మందు చేరు త్రోవ

మందు పుట్టుకను వ్రాయు చరిత్రకారులు, అది రోగిని చేరు త్రోవను తరచుగా మరచెదరు. నేను నేడు ఆ త్రోవను గూర్చియే మనవి చేయుదును.

ఎయిడ్స్ వ్యాధిని అమెరికా వైద్యులు 1981లో మొదట ప్రకటించిరి. 1987లో తొలి మందు వచ్చెను. 1996 నాటికి పలు మందులను కలిపి యిచ్చు పద్ధతి ప్రబలి, మరణములు తగ్గెను. అయినను మాత్రలను నిత్యమును, జీవితాంతమును మ్రింగవలెను. మాత్రల సీసా ఇరుగుపొరుగువారి కంటబడునేమో యను భయము రోగిని విడువలేదు.

2021లో అమెరికా ప్రభుత్వము కాబోటెగ్రవిర్, రిల్పివిరిన్ అను జంట సూదిమందులను, మాత్రలచే క్రిమి అణగియున్నవారికి నెలకొకసారి వేయుటకు అనుమతించెను. 2022లో గడువు రెండు నెలలయ్యెను. పరీక్షలలో పాల్గొన్నవారిలో పెక్కుమంది మాత్రకంటె సూదినే మెచ్చిరి.

కాని పిరుదు కండరమున వేయు ఆ సూదికి నేర్పరియైన నర్సు కావలెను; రిల్పివిరిన్‌ను శీతలపేటికలో నుంచవలెను. గడువు తప్పినచో ఒంటిలో మందు పలుచబడి, క్రిమి దానికి లొంగనిది కావచ్చును. కనుక రోగి దినపుకూలి విడిచియైనను ఆసుపత్రికి పోవలెను. ఇంట గుట్టు కాచిన సూదియే అచ్చటి వరుసలో గుట్టు వెల్లడింపవచ్చును. అందుచే కొందరు తమ యింటనే వేయించుకొన గోరుదురు. కొందరు పొరుగు మందుల అంగడిని, మరికొందరు నమ్మిన వైద్యుని చెంతను కోరుదురు.

మన దేశమున ప్రభుత్వము 2004 నుండి మాత్రలను ఉచితముగా నిచ్చుచున్నది. పెద్దలారా! రేపు సూదిమందు మన యూళ్లకు వచ్చినచో, ఎచ్చట, ఎవరిచే వేయించుకొందువని ముందుగా రోగినే అడుగుట న్యాయమని నా విన్నపము.