అక్కల్‌కోట్ రోడ్డు

షోలాపూర్ నుంచి ఆగ్నేయంగా అక్కల్‌కోట్‌కు దాదాపు 40 కిలోమీటర్లు. పుణె నుంచి షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరే 841 కిలోమీటర్ల జాతీయ రహదారికి ఆ చిన్న ఊరిని కలిపే దారి ఇది. ఆ పెద్ద రహదారి మనకు 9వ నంబరుగా అలవాటు. 2010లో 65 అయింది.

అక్కల్‌కోట్ భోంస్లేల సంస్థానం. 1878లో సమాధి చెందిన స్వామి సమర్థ వల్ల యాత్రాస్థలమైంది. అందుకే ఈ రోడ్డును భక్తుల దారిగానే చెబుతారు. షోలాపూర్ పద్మశాలీలకు మాత్రం ఇది పని దారి.

1877లో షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు వచ్చింది. అవి దక్కన్‌ను కరవు పీడిస్తున్న రోజులు. నిజాం ఇలాకాలోని తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీ నేతగాళ్లు తరతరాలుగా ఇటు వలస వచ్చారు. ఊరి తూర్పు పేటలు తెలుగు పేటలయ్యాయి. ఇంట్లోనే మగ్గం, పక్కనే పొయ్యి. చేమగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చాక ఆ ఇరుకు చాలలేదు. అక్కల్‌కోట్ రోడ్డు మీద మహారాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ (ఎంఐడీసీ) పారిశ్రామికవాడ వెలిసింది. పడుగు, పేక, జకార్డ్ మరమగ్గాలు అక్కడికీ నడిచాయి. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపూర్ దుప్పటికీ టవల్‌కూ ఈ రోడ్డుతో గట్టి సంబంధం ఉంది.

మగ్గాల తర్వాత ఇళ్లూ కదిలాయి. నా దృష్టిలో ఈ దారి చరిత్రలో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే. మగవాళ్లు మగ్గం దగ్గర, ఆడవాళ్లు బీడీల చాట ముందు. ఇద్దరి కూలీ కలిపినా సొంత గోడ లేచేది కాదు. మార్క్సిస్టు నాయకుడు, మాజీ ఎమ్మెల్యే ఆడం నర్సయ్య, ఊరంతా పిలిచే ఆడం మాస్టర్, బీడీ కార్మిక మహిళలను సహకార సంఘంగా కూడగట్టారు. ఈ దారిలోని కుంభారి దగ్గర కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరుతో 10,000 ఇళ్లు లేచాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. కుంభారిలోనే రేనగర్ మొదలైంది: పవర్‌లూమ్, బీడీ, చెత్త ఏరే కార్మికుల కోసం 30,000 ఇళ్ల పథకం. 2024 జనవరి 19న ప్రధాని మోదీ అందులో 15,000 ఇళ్లు ప్రారంభించారు.

పేటల్లో కిక్కిరిసిన బతుకు ఊరి బయట ఊరంత కాలనీ అయింది. ఆకు, తంబాకు తెచ్చుకుని, చుట్టిన బీడీలు తిరిగి కార్ఖానాకు అప్పజెప్పే ఆడవాళ్లకు, షిఫ్టుకు పోయే మగవాళ్లకు ఇదే రోజూ నడిచే దారి.

ఇప్పుడిది 150ఇ నంబరు జాతీయ రహదారి. దీన్ని విస్తరించే ప్రతిసారీ లారీలను, యాత్రికుల బస్సులను లెక్కవేసే అధికారులు, పొద్దున్నే నడిచివచ్చే ఈ కార్మికులనూ లెక్కలో వేయాలి. బస్సు ఆగే చోటు, రోడ్డు దాటే చోటు వాళ్లనడిగి నిర్ణయించాలి.