కదిలే తెరపటాల చరిత్ర

తెరపై బొమ్మను కదిలించాలన్న కోరిక మనకు కొత్తది కాదు. తెల్లని తెర, వెనుక దీపం, నడుమ తోలుబొమ్మ మన పూర్వులెరిగినవే.

1989 నాటి జిఫ్ కూర్పు వరుస చిత్రాల నడుమ విరామకాలాన్ని నిర్ణయించే వీలు కల్పించింది. 1997లో మైక్రోసాఫ్టువారి యాక్టివ్ డెస్క్‌టాప్ అట్టి బొమ్మలను వాల్‌పేపరుగా ఆడనిచ్చింది. 2007లో విస్టా అల్టిమేట్‌కు వచ్చిన డ్రీమ్‌సీన్ వీడియోనే పరచింది. 2009 నాటి విండోస్ 7లో అదీ కనుమరుగైంది.

వైమానికదళ అకాడమీ గల మా దుండిగల్ ఆకాశంలో మలుపు తిరిగే శిక్షణ విమానాన్ని ఎనిమిది బొమ్మలుగా గీసి, నేనూ తెరపై ఎగురవేశాను. ఆడించిన సాధనం పోయింది. విడిగా దాచిన బొమ్మలు మిగిలాయి, నేడు వేరొక సాధనంతో ఆడుతున్నాయి.

ఆట ముగిశాక దీపమార్పినా, తోలుబొమ్మలవారు బొమ్మలను భద్రపరచుకొనేవారు. మిత్రులారా, మనకూ అదే మార్గం.