ఎట్లుంది సినిమా?



మా లాల్‌దర్వాజాలో సినిమా ముచ్చట ఒక్క ప్రశ్నతోనే మొదలైతది. సుధ థియేటర్లో రాత్రి ఆట విడిచాక శాలిబండ రోడ్డు మీద నడుచుకుంటూ వచ్చేవాళ్ళను అరుగుల మీద కూర్చున్నవాళ్ళు అడుగుతారు: "ఎట్లుంది?" జవాబు కూడా పొట్టిగానే ఉంటుంది. "పైసా వసూల్." "బేకార్." "ఇంటర్వెల్ దాకా మంచిగనే ఉండె." అంతే, తీర్పు అయిపోయింది. దానికి స్టార్లు, రేటింగులు ఉండవు.

ఈ మధ్య మా స్టడీ సర్కిల్ పిల్లలు "తప్పక చూడాల్సిన తెలుగు క్లాసిక్స్" అని ఒక జాబితా తయారు చేసి తెచ్చారు. 'మాలపిల్ల', 'మాయాబజార్', 'లవకుశ', 'శంకరాభరణం', ఇంకా కొన్ని. మంచి జాబితానే. వీటిని క్లాసిక్ అన్నది ఎవరు తమ్ముడూ అని అడిగితే, "అందరూ అంటారు కదన్నా" అన్నాడు ఒకాయన. ఆ "అందరూ" అనే మాట నన్ను పట్టుకుంది. ఆ అందరిలో మనం ఎప్పుడు చేరాం? చేరడానికి ఏం కట్టాం? ఈ వారం భాగం దాని గురించే.

హైదరాబాద్‌లో సినిమా చరిత్ర దర్బారు నీడలో మొదలైంది. బెంగాల్ నుంచి వచ్చిన ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో నిజాం అండతో ఇక్కడ లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి మూకీలు తీశాడు. తర్వాత బొంబాయిలో తీసిన 'రజియా బేగం' అనే సినిమాను తన హాల్లో ఆడించాడు. మతాల గీత దాటిన ప్రేమ కథ అది. నిజాంకు కోపం వచ్చింది, ఆయన నగరం విడిచి పోవాల్సి వచ్చింది. ఈ ఊరు ఏం చూడాలో, ఏం చూడొద్దో మొదటి రోజుల నుంచే పైనున్నవాడు నిర్ణయించాడని చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

అదే నగరంలో అప్పటికే మన పెద్దలు తమ సభలు తాము నడుపుకుంటున్నారు. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టి హరికథలు, భజనలు చెప్పించాడు. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు తెరిచాడు. జోగిని ఆచారం మీద, జాతర్ల పేరుతో జరిగే బలుల మీద, తాగుడు మీద పోరాడాడు. బోనాల ఊరిలో నిలబడి ఆ మాట అనడం ఎంత కష్టమో లాల్‌దర్వాజా వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. 1931 జనాభా లెక్కల్లో ఈ రాజ్యం మనల్ని 'ఆది హిందువులు'గా రాసుకుంది. ఆ పేరు మనం అడిగి తీసుకున్నది, ఎవరూ దయతలచి ఇచ్చింది కాదు. ఒక కథ విని దాని మీద మాట్లాడుకుని, అందులో మనకు పనికొచ్చేదేదో పనికిరానిదేదో తేల్చుకునే అలవాటు మన వాడలకు సినిమా కంటే పాతది.

ఈ నేపథ్యం పెట్టుకుని 'మాలపిల్ల' దగ్గరికి రండి. 1938, సారథి ఫిలింస్, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం, కథ చలం, మాటలు తాపీ ధర్మారావు. మద్రాసులో తయారైన సినిమా. పెట్టుబడి వెనక చల్లపల్లి రాజా ఉన్నాడు. మాలపిల్ల శంపాలతగా కాంచనమాల, ఆమెను ప్రేమించిన బ్రాహ్మణ యువకుడు, అతని తండ్రి సుందరరామశాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు. సినిమా మీద సనాతనులు మండిపడ్డారనీ, రామబ్రహ్మం పంతం పట్టి బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశం అని కరపత్రాలు వేయించాడనీ సినిమా చరిత్రకారులు రాస్తారు. ఆ కాలానికి అది ధైర్యమే, కాదనను. గుడి ప్రవేశం గురించి తెర మీద అంత గట్టిగా మాట్లాడిన తెలుగు సినిమా అంతకుముందు లేదు.

కానీ కథ ఎట్లా ముగుస్తుందో చూడండి. శాస్త్రి ఇల్లు అంటుకుంటే ఆయన భార్యను కాపాడేది మన మనిషి. అప్పుడు గానీ శాస్త్రి మనసు కరగదు. మనుషులమని నిరూపించుకోవడానికి మనం మంటల్లోకి దూకాలి, అవతలివాడు చేయాల్సింది మారడం ఒక్కటే. ఈ లెక్క తర్వాత తెలుగు సినిమాలో ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో మీరే లెక్కపెట్టుకోండి. త్యాగం మనది, పశ్చాత్తాపం వాళ్ళది, చప్పట్లు పశ్చాత్తాపానికి. అదే ఏడాది హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ జీవితం చివరి నెలల్లో ఉంది. 1939 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ముప్పై ఏళ్ళకు పైగా బడులు, పత్రిక, సభలు నడిపిన మాల నాయకుడు ఈ నగరంలో బతికి ఉన్నాడు, తెర మీద మాత్రం మన సంస్కర్త బయటినుంచే రావాల్సి వచ్చింది.

పక్కన కేరళను పెట్టి చూస్తే ఇంకో సంగతి తేలుతుంది. మొట్టమొదటి మలయాళ సినిమా 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత అమ్మాయి నాయర్ స్త్రీ వేషం వేసింది. తిరువనంతపురం కాపిటల్ థియేటర్లో బొమ్మ పడగానే తెర మీద రాళ్ళు పడ్డాయి. ఆమె ఇల్లు తగలబెట్టారు, ఆమె ఊరు వదిలి పారిపోయింది. మన దగ్గర మాలపిల్లగా కనిపించిన కాంచనమాల బొమ్మ క్యాలెండర్లకెక్కింది. మాలపిల్ల బొమ్మకు గోడ మీద చోటు దొరికిన దేశంలో దళిత నటికి సొంత ఊళ్ళో చోటు దొరకలేదు.

ఇప్పుడు హాలు సంగతి. తమిళ పండితుడు కార్తిగేసు శివత్తంబి ఒక మాట అన్నాడు: కులంతో సంబంధం లేకుండా తమిళులంతా ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శన స్థలం సినిమా హాలేనని. దీన్ని మన మేధావులు కూడా తరచుగా చెబుతారు. అందులో నిజం ఉంది. గుడిలోకి రానివ్వలేదు, హోటల్లో రెండు గ్లాసులు పెట్టారు. సినిమా హాలు మాత్రం పైసలిస్తే టికెట్టు ఇచ్చింది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని విడగొట్టింది గానీ ఆ గీత పైసలది. నేల టికెట్టు కొన్నవాడు తెరకు అందరికంటే దగ్గరగా కూర్చున్నాడు, ఈల వేశాడు, నచ్చకపోతే తిట్టాడు. గుడిలో పూజారిని తిట్టగలమా?

అయితే శివత్తంబి మాట దగ్గరే ఆగిపోయినవాళ్ళు చుండూరు దాకా రాలేదు.

1991, గుంటూరు జిల్లా చుండూరు. చదువుకున్న దళితులు, రైల్వే ఉద్యోగాలు చేసే దళితులు ఉన్న ఊరు. అంటే తల ఎత్తుకుని తిరిగే ఊరు. ఆ ఏడాది జులైలో డిగ్రీలు చదివిన ఒక దళిత యువకుడు ఊళ్ళో సినిమాకు పోయాడు. హాల్లో అతని కాలు ముందు సీట్లో కూర్చున్న రెడ్డి పిల్లవాడికి తగిలింది. అంతే. గొడవ బయటికి వచ్చింది, అతని కుటుంబం మీదికి పోయింది, ఆ తర్వాత మొత్తం దళితవాడ మీద సాంఘిక బహిష్కరణ అయింది. కూలి లేదు, కౌలు లేదు. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వేటాడి నరికి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

హాల్లో కాలు తగలడం కారణం కాదు, సాకు మాత్రమే అని మీరంటారు. నేనూ అదే అంటాను. కానీ సాకు హాల్లోనే ఎందుకు దొరికింది? పొలంలో మనం వంగి ఉంటాం, పంచాయతీలో దూరంగా నిలబడతాం. పక్కపక్కన, ఒకే ఎత్తులో, ఒకే దిక్కు చూస్తూ మూడు గంటలు కూర్చునే చోటు ఊళ్ళో అదొక్కటే. ఆ సమానత్వమే వాళ్ళకు కంటగింపు. ఒకే కప్పు కింద కూర్చోవడం హాలు యజమాని ఇచ్చిన కానుక కాదు, టికెట్టు మీద అచ్చు వేయని ధర దానికి ఒకటుంది. చుండూరులో ఆ ధర ఎనిమిది ప్రాణాలు.

టీవీ వచ్చాక హాలు మన సందుల్లోకే వచ్చింది. పాతబస్తీలో కర్ఫ్యూ రోజులు గుర్తున్నవాళ్ళకు తెలుసు, బయట బూట్ల చప్పుడు, లోపల ఒక్క టీవీ చుట్టూ నాలుగిళ్ళ మనుషులు. దూరదర్శన్ 'రామాయణ్' 1987 జనవరిలో మొదలైంది. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీ. ఈ సీరియల్ గురించి హిందుత్వ రాజకీయాల కోణంలో చాలా రాశారు, అది అవసరమే. కానీ మన వాళ్ళకు సంబంధించిన ఒక ఘట్టాన్ని మన విద్యార్థులే మరిచిపోయారు. 1988లో సీరియల్ పట్టాభిషేకంతో ముగుస్తుందని తెలిసి, ఉత్తర భారతంలో వాల్మీకి కులస్తులైన సఫాయి కార్మికులు సమ్మెకు దిగారు. వాల్మీకి ఆశ్రమం, లవకుశులు లేకుండా రామాయణం ఎట్లా అయిపోతుందని వాళ్ళ ప్రశ్న. ఊళ్ళలో చెత్త పేరుకుపోయింది. సర్కారు దిగి వచ్చి ఉత్తర రామాయణం తీయించింది.

దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? రామకథ కోసం సమ్మె చేశారని నొచ్చుకునే అంబేద్కరిస్టులు ఉన్నారు. నాకు మాత్రం అందులో కనిపించేది ప్రేక్షకుడి బలం. దేశంలో ఏ విమర్శకుడి వ్యాసమూ ఒక సీరియల్ ముగింపును మార్చలేదు, చీపురు కింద పెట్టినవాళ్ళు మార్చారు. "మా మనిషి ఈ కథలో ఎక్కడ?" అన్న ప్రశ్న వాళ్ళది. మనం అడగాల్సిందీ అదే, కాకపోతే ఇంకా ముందుకు పోయి అడగాలి.

ఉదాహరణకు జాబితాలోని 'లవకుశ'. 1963, తెలుగులో మొదటి పూర్తి నిడివి రంగుల చిత్రం. పాటలు ఇప్పటికీ మా అమ్మ వాళ్ళ నోట్లో ఉన్నాయి. అందులో రేలంగి, గిరిజ చాకలి దంపతులు. పెళ్ళాన్ని అనుమానించి ఆ చాకలి అన్న మాట పట్టుకుని రాజు గర్భిణి భార్యను అడవికి పంపుతాడు. జనం నోట్లో మిగిలింది ఏమిటి? "చాకలోడి మాటకు సీతమ్మ అడవుల పాలయింది." పంపినవాడు దేవుడుగా మిగిలాడు, నింద మాత్రం బట్టలుతికేవాడి నెత్తిన పడింది. ఇది చెబితే మా సర్కిల్లో ఒక చెల్లె, "అయితే చూడొద్దా అన్నా?" అని అడిగింది. ఎందుకు చూడొద్దు? చూడు, పాటలు పాడుకో, నింద ఎవరి మీద పడిందో కూడా చూడు.

'మాయాబజార్'తో నాకు పేచీ తక్కువ. 2013లో ఒక జాతీయ టీవీ ఛానల్ పోలింగులో దేశంలోనే గొప్ప సినిమాగా నిలిచింది. హస్తినాపురం దర్పాన్ని నవ్వులపాలు చేసేది అడవి మనిషి, హిడింబ కొడుకు ఘటోత్కచుడు. ఆయన మనుషులు గురువు దగ్గర పాఠం చెప్పుకుంటూ మాట తప్పు పలికితే, ఆ తప్పునే కొత్త మాటగా ఒప్పుకునే పెద్దమనసు ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిది. తర్వాత వచ్చిన తెలుగు సినిమాకు ఆ పెద్దమనసు లేదు. తెలంగాణ యాసను ఏళ్ళ తరబడి రౌడీలకు, కమెడియన్లకు మాత్రమే పంచింది.

వ్యాసాలు రాసేవాళ్ళ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974) ఇక్కడే, ఎల్లారెడ్డిగూడలో తీశాడు. లక్ష్మి భర్త కిష్టయ్య కుండలు చేసే మనిషి, అల్యూమినియం గిన్నెలు వచ్చి పని పోయినవాడు. ఢిల్లీ, బొంబాయి విమర్శకులు అలవోకగా "దళిత జంట" అని రాస్తారు. కుమ్మరులు తెలంగాణలో బీసీలు. ఏ వాడ ఎక్కడ ఉంటుందో తెలియనివాళ్ళే మన బతుకు మీద రాసిన సినిమాలకు క్లాసిక్ ముద్ర వేస్తూ వచ్చారు.

బి. నరసింగరావు 'దాసి'కి (1988) ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. అర్చన నటన చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మా వాడకట్టులో దాన్ని హాల్లో చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1997లో 'ఒసేయ్ రాములమ్మ' వస్తే ఆడవాళ్ళు వంటలు త్వరగా ముగించుకుని గుంపులుగా పోయారు. సినిమాగా 'దాసి' ఎక్కువ, అందులో నాకు అనుమానం లేదు. కానీ కమలాక్షి మాట్లాడదు, రాములమ్మ అరుస్తుంది. మా పెద్దమ్మ తీర్పు నాలుగు ముక్కలు: "గామె ఏడ్వలే, గదే మంచిగుంది." అప్పుడు ఏ పత్రికా ఈ సమీక్షను అచ్చు వేయలేదు.

ఇక కొత్తవి. కరుణ కుమార్ 'పలాస 1978' (2020) మీద పిల్లలు రెండు వర్గాలయ్యారు. మన కథ కాబట్టి తప్పులు ఎంచొద్దని కొందరు, రెండో సగం జారిపోయిందని కొందరు. నేను రెండో వర్గం. మన సినిమాకు రాయితీ ఇస్తే మన కళాకారుడిని చిన్నచూపు చూసినట్టే. ఈ మధ్య అందరం కలిసి చూసింది రాజ్ ఆర్ తీసిన '23' (2025). చుండూరు, 1993లో ఇరవై ముగ్గురు కాలిపోయిన చిలకలూరిపేట బస్సు దహనం, 1997 జూబ్లీహిల్స్ కారు బాంబు. మూడు నేరాల్లో చట్టం ఎవరికి ఎట్లా పనిచేసిందో పక్కపక్కన పెట్టి అడిగిన సినిమా. ఒకాయన నెమ్మదిగా ఉందన్నాడు, ఒకామె నేరం చేసినవాళ్ళ మీద మరీ జాలి చూపించిందంది. వాదన బాగా జరిగింది.

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న మా పెద్దమ్మకు చుండూరు హాలు సంగతి నేను చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే: "ఆ పిల్లగాడు సినిమా మొత్తం చూసిండా మరి?"

పిల్లలు జాబితాను తిరగరాస్తున్నారు. ప్రతి సినిమా పక్కన పత్రికల సమీక్ష కాకుండా, వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళ మాట వాళ్ళ యాసలోనే రాయాలని షరతు పెట్టుకున్నారు. మీ వాడలో అరవై దాటినవాళ్ళను అడిగి, వాళ్ళు నేల టికెట్టులో చూసిన సినిమా, ఆ రోజు హాల్లో జరిగిన సంగతి రాసి పంపండి. వచ్చే భాగంలో డెబ్బైల నాటి వాటితో మొదలుపెడదాం.