రెండేళ్ల గడువు

ముప్పయ్యైదేళ్లు పద్యాలకు ప్రతిపదార్థాలు చెప్పుకొని బతికిన తెలుగు పండితుడికి గోల్ఫు గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి. నేనూ మొదట నవ్వుకొన్నవాడినే.

మా చిన్నవాడు స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాడు. గత వేసవిలో అక్కడ నాలుగు నెలలున్నాను. వాడు శనివారాలు గోల్ఫు ఆడతాడు. తోడుగా వెళ్లి, గొడుగు పట్టుకొని వెనుక నడవడం నా పని. పద్దెనిమిది గుంటలూ ముగిసేసరికి ఎవరు తక్కువ దెబ్బలు కొడితే వారిదే గెలుపు. అంతవరకు నాకూ తెలిసింది. మావాడు ఏళ్ల తరబడి తొంభై లోపున ముగించేవాడు. నేను వెళ్లేనాటికి నూరు దాటుతున్నాడు. కారణం అడిగాను.

"స్వింగు మార్చుకొంటున్నాను నాన్నగారూ. సాధన చేసేచోట బంతి బాగానే పోతోంది. ఆటలో దిగేసరికి పాత చెయ్యి వచ్చేస్తోంది" అన్నాడు.

"పాత చెయ్యి" అన్న ఆ మాట నా మనసులో ముల్లులాగ గుచ్చుకొంది. ఎందుకో చివర చెబుతాను. ఆ మాట పట్టుకొనే ఈ ఆట చరిత్రలోకి వెళ్లాను. అక్కడ నాకు ఎదురైనవాడు నిక్ ఫాల్డో. 1957 జులై 18న ఇంగ్లండులో పుట్టినవాడు, ఇంచుమించు నా ఈడువాడు.

కర్రను వెనక్కి ఎత్తి, కిందికి దించి, బంతిని కొట్టి, మళ్లీ భుజం మీదుగా పోనిచ్చే కదలిక మొత్తాన్ని స్వింగు అంటారు. ఇది రెండు సెకన్లకు మించదు. ఆ కాస్త వ్యవధిలో ఆలోచించుకొనే తీరిక ఉండదు. ఒళ్లు ఏది నేర్చుకొని ఉంటే అదే చేస్తుంది. కనుక స్వింగు మార్చుకోవడమంటే నేర్చినదాన్ని ఒళ్లు చేత మరపించడం. కొత్తది నేర్చుకోవడం కన్న ఇది కష్టం.

ఫాల్డో ఏమీ చేతగానివాడై ఈ పనికి పూనుకోలేదు. 1983లో ఐరోపా పోటీలలో ఐదు గెలిచి, ఆ ఏటి సంపాదనలో అందరికన్న ముందు నిలిచాడు. 1984లో అమెరికాలోనూ ఒక పోటీ గెలిచాడు. అయితే పెద్ద పోటీలలో చివరిరోజున జారిపోతూ వచ్చాడు. 1983లో బర్క్‌డేల్‌లో జరిగిన ఓపెన్ పోటీ చివరిరోజున కొంతసేపు ముందున్నాడు, చివరకు ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. 1984లో అగస్టాలో జరిగిన మాస్టర్స్‌లోనూ చివరిరోజు కుప్పకూలాడు. ఆంగ్ల పత్రికలు అతని పేరును విరిచి, ఒత్తిడికి మడిచిపోయేవాడన్న అర్థం వచ్చేటట్టు వెక్కిరించాయి.

చూడడానికి అతని పాత స్వింగు అందమైనదే. పొడగరి గనుక కర్రను నిలువుగా పైకెత్తేవాడు. దించేటప్పుడు కాళ్లు ముందుకు జారేవి, ఆ జారుడును చేతులు సరిదిద్దేవి. చేతుల లాఘవం కుదిరిననాడు అంతా బాగుండేది. గాలి వీచిననాడు, గుండె దడదడలాడిననాడు ఆ లాఘవమే మోసం చేసేది.

డేవిడ్ లెడ్‌బెటర్ అనే శిక్షకుడు ఈ సంగతి కనిపెట్టాడు. 1985 మే నెలలో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మెమోరియల్ పోటీ సమయాన, ఫాల్డో తన్ను తాను అతనికి పూర్తిగా అప్పగించుకొన్నాడు. పైపై మరమ్మతు వద్దు, పునాదినుంచి కట్టమన్నాడు. లెడ్‌బెటర్ ఒప్పుకొన్నాడు, కాని గడువు ముందే చెప్పాడు. రెండేళ్లు పడుతుందన్నాడు. నన్నడిగితే ఈ కథకంతకూ ఆయువుపట్టు ఆ ఒక్క మాటే.

ఆ తరువాత సాధన. రోజుకు వందల బంతులు, చేతులు బొబ్బలెక్కేదాకా. కాళ్లు ఎడంగా పెట్టి నిలకడగా నిలవాలి. కర్ర తిరిగే చుట్టు మునుపటంత నిలువుగా ఉండరాదు. నడుమూ భుజాలూ తిరుగుతుంటే చేతులు వాటి వెంట రావాలి గాని, చేతులు పెత్తనం చేసి ఒంటిని లాక్కుపోరాదు. ఎద్దుల వెనుక బండి నడిచినట్టన్నమాట.

ఇంతవరకైతే ఏ విద్యార్థికైనా ఉన్న పాటే. విశేషమేమిటంటే, ఫాల్డో ఈ రెండేళ్లూ పోటీలు మానలేదు. ఇల్లు మరమ్మతు చేయిస్తూ అదే ఇంట్లో కాపురం చేసినట్టు, స్వింగును విప్పదీసి బిగిస్తూనే రౌండ్లు ఆడాడు. సాధనస్థలంలో తప్పిన బంతికి లెక్క లేదు, పక్కన మరొక బంతి ఉంటుంది. రౌండులో తప్పిన ప్రతి బంతీ కాగితం మీదికెక్కుతుంది, మర్నాడు పత్రికలో అచ్చవుతుంది. అక్కడ దృష్టి గుంట మీద ఉండాలా, మోచేతి మీద ఉండాలా? మోచేతిని చూస్తే బంతి తప్పుతుంది, గుంటను చూస్తే పాత చెయ్యి వస్తుంది. మావాడి బాధ కూడా సరిగ్గా ఇదే.

1985 సెప్టెంబరులో బెల్‌ఫ్రీలో రైడర్ కప్పు జరిగింది. 1957 తరువాత మొదటిసారిగా అమెరికా మీద గెలుపు దక్కింది. ఐరోపా జట్టంతా పండుగ చేసికొంది. ఆ జట్టులో ఫాల్డో కూడా ఉన్నాడు. ఆడినవి రెండు ఆటలు, రెండూ ఓడిపోయాడు. నలుగురూ కేరింతలు కొడుతున్నచోట తాను ఒక్క అరపాయింటు కూడా తేలేక నిలబడడం ఎంత బరువో ఊహించుకోవచ్చు. 1986లోనూ ఒక్క పోటీ గెలవలేదు. టర్న్‌బెర్రీలో ఓపెన్‌లో వచ్చిన ఐదో స్థానం ఒక్కటే చీకట్లో మిణుగురు.

1987 ఏప్రిల్‌లో మాస్టర్స్‌కు అతనికి పిలుపే రాలేదు. సమకాలికులందరూ అగస్టాలో ఆడుతుండగా, అదే వారంలో మిసిసిపీ రాష్ట్రంలోని హ్యాటీస్‌బర్గ్ అనే ఊళ్లో ఒక చిన్న పోటీలో ఆడాడు. నాలుగు రోజులూ 67, 67, 67, 67. రెండో స్థానం వచ్చింది. గెలుపు కన్న ఆ నాలుగు అంకెల సమానత్వం నాకు గొప్పగా తోచింది. గణాలు కుదిరిన పద్యపాదాలు నాలుగు వరసగా చదివినట్టుంది. మే నెలలో స్పానిష్ ఓపెన్ గెలిచాడు. లెడ్‌బెటర్ చెప్పిన రెండేళ్లు నిండాయి.

ఆ జులైలోనే, ఎడిన్‌బరోకు తూర్పున సముద్రపు ఒడ్డున ఉన్న మ్యూర్‌ఫీల్డ్‌లో ఓపెన్. శనివారం అతనికి ముప్పయ్యేళ్లు నిండాయి. ఆదివారం మంచు, జల్లు. అమెరికా ఆటగాడు పాల్ అజింజర్ ఒక్క దెబ్బ ముందున్నాడు. ఆ రోజు ఫాల్డో పద్దెనిమిది గుంటలకూ పద్దెనిమిది పార్లు కొట్టాడు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. చివరి గుంట దగ్గర మిగిలిన నాలుగైదడుగుల దూరాన్ని కూడా తొణకకుండా ముగించాడు. అజింజర్ చివరి రెండు గుంటలలో చెరొక దెబ్బ పోగొట్టుకొన్నాడు. 279తో, ఒకే ఒక్క దెబ్బ తేడాతో ఫాల్డో గెలిచాడు. ఆ తరువాత 1990, 1992లలో మళ్లీ ఓపెన్, 1989, 1990, 1996లలో మాస్టర్స్, మొత్తం ఆరు మహాపోటీలు అతని వశమయ్యాయి.

ఇక్కడితో ఆపితే ఇది నీతికథ అవుతుంది, చరిత్ర కాదు. చరిత్రలో మరొక పేరు కూడా ఉంది. ఇయాన్ బేకర్-ఫించ్ అనే ఆస్ట్రేలియా ఆటగాడు 1991లో బర్క్‌డేల్‌లో ఓపెన్ గెలిచాడు. మంచివాడని అందరూ చెప్పుకొనే మనిషి. గెలిచిన తరువాత బంతిని ఇంకా దూరం కొట్టాలన్న కోరికతో స్వింగును మారుస్తూ పోయాడు. 1995లో సెయింట్ ఆండ్రూస్‌లో మొదటి దెబ్బకే బంతిని ఎడమవైపున హద్దు దాటించాడు. అక్కడ మొదటి గుంటకూ పద్దెనిమిదో గుంటకూ కలిసి ఒకటే విశాలమైన మైదానం. దాన్ని తప్పించడమే కష్టం. 1997లో ట్రూన్‌లో మొదటిరోజు 92 కొట్టి, పోటీనుంచి తప్పుకొని, ఆటకే దూరమయ్యాడు. అతనికి శ్రద్ధ తక్కువా? పట్టుదల తక్కువా? కాదు. ఫాల్డోకు ఉన్న రోగమేమిటో, మందెంతకాలమో ముందే తెలుసు. మెరుగు మీద మెరుగు కోరుకొనేవాడి దారికి చివర ఉండదు.

మావాడు టైగర్ వుడ్స్‌ను కూడా గుర్తు చేశాడు. 1997లో ఇరవయ్యొక్కేళ్లకే పన్నెండు దెబ్బల తేడాతో మాస్టర్స్ గెలిచి, అంత గెలుపు తరువాత కూడా తన స్వింగు నిలవదని గ్రహించి, శిక్షకుడు బుచ్ హార్మన్ దగ్గర మార్చుకొన్నాడు. 1998లో అమెరికా పోటీలలో ఒక్కటే గెలుపు, 1999లో ఎనిమిది. 2000లో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్‌ను పదిహేను దెబ్బల తేడాతో గెలిచాడు. ఆ 1998ని మధ్యలో చూచినవాడికి అది పతనంగానే కనిపించి ఉంటుంది. నడుమ నిలిచినవాడికి పతనమేదో పరివర్తనమేదో తెలియదు. తెలియజెప్పవలసినవాడు గురువు.

ఇక నా ముల్లు సంగతి. 1996లో నేను ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పదో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఒక కుర్రవాడు కలాన్ని పిడికిటితో పట్టి, బొటనవేలును చూపుడువేలి మీదుగా చుట్టి రాసేవాడు. అక్షరాలు వంకరే గాని వేగం ఉండేది. మొక్కై వంగనిది మానై వంగునా అనుకొంటూనే, డిసెంబరులో వాడి పట్టు మార్పించడం మొదలుపెట్టాను. దస్తూరి కుదురుగా తయారైంది. నేను మురిసిపోయాను. మార్చిలో పరీక్ష వచ్చింది. కొత్త పట్టుతో రాస్తే చెయ్యి నడవదు, పాత పట్టుకు మళ్లితే పంతులుగారి మాట గుర్తుకొస్తుంది. అటూ ఇటూ మార్చుకొంటూ చివరి రెండు ప్రశ్నలూ వదిలేసి బయటికి వచ్చాడు. "పాత చెయ్యి వచ్చేసింది సార్" అన్నాడు, తప్పంతా తనదే అయినట్టు. తెలుగులో తప్పాడు. సెప్టెంబరులో మళ్లీ కూర్చోలేదు. వాళ్ల నాన్నతో పనికి పోయాడు.

నేను వాడికి చెప్పిన పద్ధతి తప్పు కాదు. కాని ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేదు, మధ్యలో ఎంత పోతుందో చెప్పలేదు. లెడ్‌బెటర్ రెండేళ్లు అడిగాడు, ఫాల్డో దగ్గర రెండేళ్లున్నాయి. నా విద్యార్థి దగ్గర మూడు నెలలే ఉన్నాయి, నేను వాణ్ణి అడగనైనా లేదు.

స్కాట్లండునుంచి బయలుదేరే ముందు మావాణ్ణి అడిగాను, "మీ మాస్టారు ఎన్నాళ్లు పడుతుందన్నాడురా?" అని.

"నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు" అన్నాడు.

"ముందు వెళ్లి అది అడుగు."

మరుసటి శనివారం ఫోను చేశాడు. రెండు శీతకాలాలట. ఆ రోజు రౌండులో నూటనాలుగు కొట్టాడట. అంకె చెబుతుంటే గొంతులో దిగులు లేదు.

సెలవు.